శేషాచలం అడవిలో ఆకులు ఊడ్చిన వేసవి

ఫిబ్రవరి దాటిందంటే తిరుపతి వాళ్లకు రాత్రిపూట మిద్దె మీద నుంచి కొండ వైపు చూడటం అలవాటు. ఏదో ఒక రోజు కొండ నడుమన ఎర్రగా ఒక గీత కనబడుతుంది. "మళ్లీ అంటుకున్నట్టుందే" అనుకుంటాం. ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాం. పొద్దున పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది, అంతటితో ఆ సంగతి అయిపోతుంది. పోయిన వేసవిలో అటవీ శాఖ వాళ్లతో కలిసి ఫైర్ లైన్ల (నిప్పు పాకకుండా అడవిలో తీసే బాటల) పని చేసే అవకాశం నాకు వచ్చింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు కలిసినప్పుడల్లా "మంటలు ఎట్లా ఆర్పారు?" అని అడుగుతున్నారు. ఆర్పడం గురించి నేను చెప్పగలిగింది కొంచెమే. మంట రాకముందు, జనవరి నుంచి అడవిలో జరిగే పని గురించి మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది. అది ఎవరి ఫొటోల్లోనూ పడదు.

నాకు ఇక్కడ చిన్న ప్రింటింగ్ షాపు ఉంది. ఫ్లెక్సీలు, రేకు బోర్డులు చేస్తాం. అడవి అంచున పెట్టే హెచ్చరిక బోర్డుల పని ఒకటి వచ్చినప్పుడు, ఎక్కడ పెడుతున్నారో చూద్దామని నేనూ వెంట వెళ్లాను. బోర్డులు పాతే చోటుకు కాస్త దూరంలో కొందరు ఎండిన గడ్డి కోస్తూ ఉన్నారు. ఎందుకని అడిగితే వాళ్లలో పెద్దాయన కొడవలి ఆపి, "ఎండలు ముదిరే లోపల ఈ గడ్డి తీసేయాల సామీ. నిప్పు వచ్చినాక కోసేదానికి టయిం ఉండదు" అన్నాడు. ఆయన కొండ కింద ఊరివాడు, ఎన్నో ఏళ్లుగా వేసవి వాచరుగా, అంటే వేసవిలో అడవిని నిప్పు నుంచి కాచే మనిషిగా చేస్తున్నాడు. నేను ఆ పనిలోకి రావడానికి కారణం ఆయనే. ఇక్కడ పేరు రాయడం లేదు, పెద్దాయన అనే అంటాను.

ఈ అడవి గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 1989లో దీన్ని జాతీయ వనంగా ప్రకటించారు. 2010లో చుట్టుపక్కల అడవులన్నీ కలిపి 4,755 చదరపు కిలోమీటర్లకు పైగా శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ అయింది, రాష్ట్రంలో అదే మొదటిది. ఎర్రచందనం సహజంగా పెరిగే చోటు ప్రపంచం మొత్తంలో ఈ చుట్టుపక్కల కొండలే. సైకస్ బెడ్డోమి అని ఈత చెట్టులా కనిపించే మొక్క ఒకటుంది, డైనోసార్ల కాలం నాటి మొక్కల జాతిది, అదీ ఈ కొండల్లోదే. బంగారు బల్లి, దేవాంగపిల్లి, నక్షత్ర తాబేలు, బెట్టుడుత, అన్నీ ఇక్కడున్నాయి. అదే అడవి నడుమ రెండు ఘాట్ రోడ్లు, అలిపిరి మెట్లు, శ్రీవారి మెట్టు దారి, జాపాలి, ఆకాశగంగ, పాపవినాశనం. ఇంత విలువైన అడవిలో రోజూ ఇన్ని వేల మంది నడిచే చోటు దేశంలో చాలా తక్కువ. ఏ నిప్పురవ్వ ఎక్కడ పడుతుందో ఎవరూ కాపలా కాయలేరు. నిప్పు పడ్డా పాకకుండా ఉండాలంటే నేలను ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి.

2014 మార్చిలో తిరుమల దగ్గర అడవి అంటుకున్న సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాయుసేన హెలికాప్టర్లు వచ్చి బకెట్లతో నీళ్లు చల్లాయి. టీవీల్లో అదే చూపించారు. ఇప్పటికీ కొండ మీద మంట కనబడితే "హెలికాప్టర్ తెప్పించకూడదా" అనేవాళ్లు ఉన్నారు. హెలికాప్టర్ రావాల్సి వచ్చిందంటే అంతకుముందు చేయాల్సిన పని చేయి దాటిపోయిందని అర్థం.

వాలంటీరుగా వస్తానంటే ఆఫీసులో వెంటనే ఒప్పుకోలేదు. వాళ్ల కారణం సరైనదే. మా వాకింగ్ బ్యాచ్‌లో ఇంకొందరం కలిసి అర్జీ రాసి ఇచ్చాం. ఆధార్ జిరాక్స్, డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్, మా సొంత బాధ్యత మీద వస్తున్నామని సంతకాలు పెట్టిన కాగితం, అన్నీ అయ్యాక రేంజ్ ఆఫీసరు కూర్చోబెట్టి మాట్లాడారు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ఏం జరిగిందో చెప్పారు. ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు గడ్డి కొండ మీద మంటలో చిక్కుకున్నారు. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లంతా చదువుకున్నవాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. "మీరు ఎంత బలంగా ఉన్నా ఎండుగడ్డిలో ఎగువకు పోయే నిప్పును మించి పరుగెత్తలేరు" అన్నారు. షరతులు అప్పుడే చెప్పారు. ఫైర్ లైన్ పని, జనానికి చెప్పే పని మాత్రమే మాది. మంట ఆర్పే చోటికి మేం పోకూడదు. ఎప్పుడూ ఒక వాచర్ వెంట ఉండాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటాయి. పొడుగు చేతుల నూలు చొక్కా, పాత జీన్స్, తోలు బూట్లు ఉండాలి.

తర్వాత పెద్దాయన పాఠం మొదలైంది. ఆయన మాటల్లోనే నాకు ఎక్కువ అర్థమైంది. కొండ మీద నిప్పు ఎగువకు వేగంగా పోతుంది, ఎందుకంటే మంట వాలుకి దగ్గరగా వంగి పైనున్న గడ్డిని ముందే కాగబెడుతుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని మా బీట్ (అటవీ శాఖ అడవిని పంచుకున్న చిన్న భాగం) ఆఫీసరు మేడమ్ చెప్పింది. అందుకే మంటకు ఎగువన ఎప్పుడూ నిలబడకూడదు. పగలు ఎండకి గాలి లోయలోంచి పైకి వీస్తుంది, పొద్దు వాలాక పైనుంచి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం ఒకవైపు పోతున్న మంట రాత్రికి ఇంకోవైపు తిరగడానికి కారణం అదే. ఎక్కడ పని చేస్తున్నా తప్పించుకునే దారులు రెండు చూసి పెట్టుకోవాలి. ఏ దారీ దొరక్కపోతే అప్పటికే కాలి నల్లబడిన నేల మీదికి పోవాలి. "కాలింది మళ్లా కాలదు సామీ, ఆడికి పోయి నిలబడుకో" అన్నాడు.

ఇక ఫైర్ లైన్. గడ్డి, ఆకు, పుల్ల ఏదీ లేకుండా మట్టి కనబడేలా అడవిలో తీసే బాట అది. మా బీట్‌లో కొన్ని చోట్ల 3 మీటర్ల వెడల్పు, గడ్డి దట్టంగా ఉన్న వాలుల్లో 5 మీటర్లు తీశాం. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి వారాలు.

మొదట బోదగడ్డి కోయాలి. జనవరికే ఎండి పసుపు రంగుకి తిరుగుతుంది, కొన్ని చోట్ల నడుము దాకా, ఇంకొన్ని చోట్ల భుజం దాకా ఉంటుంది. ఆకు అంచు చేతులు కోస్తుంది. మధ్యలో నలిపితే నిమ్మ వాసన వచ్చే గడ్డి తగులుతుంది, అందులో నూనె ఉంటుంది. గడ్డి తర్వాత చిట్టీత పొదలు. నేలకు ఆనుకుని పెరిగే ఈ పొదల అడుగున ఎన్నో ఏళ్ల ఎండు మట్టలు పోగుపడి ఉంటాయి. చీలమండ ఎత్తున నడిచొచ్చే మంట ఆ మట్టలు దొరికిన చోట ఒక్కసారిగా మనిషి ఎత్తు దాటి లేస్తుందని, అక్కడి నుంచే చెట్టు కొమ్మలకు ఎక్కుతుందని చెప్పారు. కాబట్టి లైనుకు రెండు పక్కలా ఉన్న పొదల మట్టలు కూడా లాగి పడేయాలి. చెట్లకు వేలాడే ఎండు తీగలు కోయాలి. లైన్ పక్కనే నిలబడి ఉన్న ఎండు మానులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకోవాలి, అవి కాలుతూ లైన్ మీద అడ్డంగా పడితే అంతవరకూ చేసిన పని వృథా అవుతుంది.

కోసిందంతా లైన్ నడుమ పరిచి ఎండనిచ్చి కాలుస్తారు. అడవిని నిప్పు నుంచి కాపాడటానికి నిప్పే పెట్టడం మొదట చూసినప్పుడు నాకు చాలా టెన్షన్‌గా అనిపించింది. కానీ దానికి ఒక పద్ధతి ఉంది. చలి ఇంకా పోని రోజుల్లో, పొద్దున్నే, గడ్డి మీద తేమ ఉన్నప్పుడు, గాలి లేదని చూసుకుని వాలు పైభాగం నుంచి మొదలుపెడతారు. పైనుంచి కిందికి దిగే నిప్పు నెమ్మదిగా వస్తుంది, చెప్పినట్టు వింటుంది. రెండు పక్కలా మనుషులు పచ్చి కొమ్మలు పట్టుకుని నడుస్తారు. కొమ్మతో కొట్టడానికీ ఒక తీరుంది. పైకెత్తి బాదితే నిప్పురవ్వలు ఎగురుతాయి. నేలకు అదిమి కాలిన వైపుకి ఈడ్వాలి. ఎండ ఎక్కే లోపు ఆ రోజు కాల్చాల్సింది పూర్తి చేసి, పొగ ఎక్కడా లేదని చూసుకుని కానీ అక్కడి నుంచి కదలరు.

కాల్చే ముందు ఒక పని తప్పకుండా చేస్తారు, అది నాకు బాగా నచ్చింది. ఇద్దరు మనుషులు చేతికర్రలతో లైన్ పొడుగునా గడ్డిని కదిలిస్తూ నడుస్తారు. పాములు తప్పుకుంటాయి. తాబేళ్లు మాత్రం కదలవు, తల లోపలికి లాక్కుని అక్కడే ఉండిపోతాయి. వాటిని ఎత్తి గడ్డి లేని రాళ్ల మధ్య వదులుతారు. అడవికోడి గూడు కనిపిస్తే ఆ కాస్త గడ్డి వదిలేసి చుట్టూ బాట తీస్తారు.

ఫిబ్రవరి నడిమికి మా లైన్లు శుభ్రంగా, ఎర్రమట్టి కనిపిస్తూ తయారయ్యాయి. పని అయిపోయిందని మా బ్యాచ్‌లో కొందరు రావడం మానేశారు. అసలు పని అప్పుడు మొదలైంది.

మన అడవి ఆకు రాల్చే అడవి. చిరిమాను, తెల్లమద్ది, మోదుగ, ఎర్రచందనం, ఒక్కో చెట్టూ తన వంతుగా ఎండలు ముదిరే కొద్దీ ఆకు దులుపుతుంది. గట్టిగా గాలి వీచిన ఒక్క సాయంత్రం చాలు, లైన్ మీద ఆకు చీలమండ దాకా పేరుకుంటుంది. ఇంటి ముందు వేపచెట్టు ఉన్న ఆడవాళ్లను అడిగితే చెబుతారు, పొద్దున ఊడ్చిన వాకిలి సాయంత్రానికి ఎట్లా ఉంటుందో. ఇక్కడ వాకిలి కొండ వాలు మీద కిలోమీటర్ల పొడుగున ఉంటుంది. ఆకు పడ్డ ఫైర్ లైను ఉన్నా లేనట్టే. ఇంకా చెప్పాలంటే లైన్ ఉందనే ధైర్యంతో మనుషులు దాని వెనక నిలబడతారు కాబట్టి లేనిదానికన్నా ప్రమాదం.

ఊడ్చడానికి పెట్రోలుతో నడిచే బ్లోయర్లు ఉన్నాయి. వీపుకు తగిలించుకుని గొట్టంతో గాలి కొడుతూ పోవాలి. చదునుగా ఉన్న చోట ఒక బ్లోయర్ ఎంతోమంది మనుషుల పని చేస్తుంది. వాలుల్లో, రాళ్ల మధ్య మాత్రం మనిషే కావాలి. ఇనుప పళ్ల దంతెతో లాగడం, కొమ్మలు కట్టిన చీపురుతో తోయడం. ఊడ్చిన ఆకును దిగువ వైపు తోయకూడదు, మంట సాధారణంగా దిగువ నుంచే వస్తుంది కాబట్టి అక్కడ మేత పెట్టినట్టవుతుంది. ఒకచోట కుప్పగా కూడా వేయకూడదు. ఎగువన పల్చగా చల్లాలి. ఇవన్నీ ఏ పుస్తకంలో ఉన్నాయో నాకు తెలియదు, పెద్దాయన చెప్పినట్టు చేశాను. మార్చి అంతా, ఏప్రిల్‌లో సగం దాకా, తెల్లవారుజామున వెళ్లి షాపు తెరిచే వేళకు తిరిగి వచ్చేవాణ్ణి. చేతుల మీద బొబ్బలు కాయలుగా మారాయి.

మిగతా సమయంలో జనంతో మాట్లాడే పని. ఎండాకాలం మన అడవి తనంతట తాను అంటుకోదు. దాదాపు ప్రతి మంట వెనకా ఒక మనిషి ఉంటాడు. ఘాట్ రోడ్డు మలుపులో కారు అద్దం దించి విసిరేసిన సిగరెట్. తేనె కోసం పెట్టిన పొగ. ఎర్రచందనం దొంగలు అడవిలో అన్నం వండుకుని వదిలేసిన పొయ్యి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం ఇటువంటి చోట నిప్పు పెట్టినా, నిప్పు ఆర్పకుండా వదిలేసినా నేరమే. ఈ సంగతి నేనే బోర్డుల మీద ప్రింట్ చేశాను. బోర్డు చదివి సిగరెట్ ఆర్పినవాళ్లను మాత్రం ఎక్కువ మందిని చూడలేదు. పక్కన నిలబడి మర్యాదగా అడిగితే ఆర్పినవాళ్లను చాలామందిని చూశాను.

మెట్ల దారిలో సంగతి వేరు. మొక్కు ఉన్నవాళ్లు ప్రతి మెట్టుకీ పసుపు, కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తూ ఎక్కుతారు. అది వాళ్ల భక్తి, వద్దని ఎవరూ అనలేరు, అనకూడదు. మేం అడిగిందల్లా మెట్టు మధ్యలో వెలిగించమని, పక్క గోడ మీద, ఆకుల దగ్గర పెట్టొద్దని. ఒక పెద్దావిడ మా మాట విని, అప్పటిదాకా తాను వెలిగించిన మెట్లన్నీ వెనక్కి తిరిగి చూసుకుంది. "నాయనా, దేవుడి కొండను కాల్చుకుంటామా" అని తన వెంట వచ్చిన పిల్లలను చివర నడవమని, ప్రతి కర్పూరం ఆరిందో లేదో చూసి రమ్మని పెట్టింది. ఆ పిల్లలు చాలా శ్రద్ధగా చేశారు ఆ పని.

మేకల కాపరులతో మాట్లాడటం కష్టమైంది. పాత గడ్డి కాలిస్తే వాన చినుక్కి లేత గడ్డి మొలుస్తుందని వాళ్ల నమ్మకం. మొలుస్తుంది కూడా, అందులో అబద్ధం లేదు. కొండ కింద ఊళ్లో ఒకాయన సూటిగానే అడిగాడు: "మేము ఈడ మేపొద్దంటారు, కాల్చొద్దంటారు. ఎండాకాలం జీవాలకు ఏం పెట్టేది సార్?" బీట్ ఆఫీసరు మేడమ్ దానికి కోప్పడలేదు. పార్కు హద్దు బయట బంజరులో కోసిన గడ్డిని కాల్చకుండా మోపులు కట్టి వాళ్లకు ఇప్పించింది. అది ఎన్ని మేకలకు సరిపోతుందంటే చెప్పలేను. కానీ తర్వాత పొగ కనిపించినప్పుడు మాకు మొదటి ఫోన్ ఆ ఊరి నుంచే వచ్చింది.

ఉపగ్రహాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను అప్పటిదాకా మంటలన్నీ పైనుంచే పట్టేస్తారని అనుకునేవాణ్ణి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి బీట్ సిబ్బంది ఫోన్లకు మెసేజ్ వస్తుంది, అక్షాంశ రేఖాంశాలతో సహా. మోడిస్, వీర్స్ అనే సెన్సార్లు నేల మీద వేడిని గుర్తిస్తాయి. వీర్స్ చూపులో ఒక్కో గడి 375 మీటర్లు, మోడిస్‌ది కిలోమీటరు. మామూలు మనుషులు కూడా పేరు నమోదు చేసుకుంటే తమ ప్రాంతం మెసేజ్‌లు ఉచితంగా పొందవచ్చు. నేను నమోదు చేసుకున్నాను. చాలా మంచి ఏర్పాటు. అయితే ఉపగ్రహం మన కొండ మీదే కూర్చుని ఉండదు. వీర్స్ ఉన్న ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకసారి పైనుంచి వెళతాయి. మూడు గంటలకు అంటుకున్న నిప్పు దానికి కనబడేది రాత్రికే. ఈలోపు నిప్పు చేయాల్సింది చేసేస్తుంది. అందుకే ఎత్తైన రాతి గుండు మీద గొడుగు వేసుకుని కూర్చుని నాలుగు దిక్కులూ చూసే మనిషి ఇప్పటికీ కావాలి.

ఏప్రిల్‌లో మంట వచ్చిన రోజు జరిగింది సరిగ్గా ఇదే. అడవి కింద ఒక మామిడి తోటలో రాలిన ఆకులు పోగేసి కాలుస్తున్నారు. మధ్యాహ్నం గాలి మారింది. తోట కంచె దాటి నిప్పు గడ్డిలో పడింది. గుండు మీద ఉన్న వాచర్ పొగ రంగు చూసి, ఇది తోటలో ఆకుల పొగ కాదు, గడ్డి పొగ అని గుర్తుపట్టాడు. అదే సమయానికి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఉపగ్రహం మెసేజ్ నా ఫోన్‌కి వచ్చేసరికి మంట ఆరిపోయింది.

మేం ఆ రోజు దగ్గర్లోనే ఊడుస్తున్నాం. షరతు ప్రకారం మమ్మల్ని పైనున్న మట్టి రోడ్డు మీదికి పంపేశారు. అక్కడి నుంచి నీళ్ల క్యాన్లు అందించడం, రోడ్డు దాటి వెనక్కి ఎగిరిపడే నిప్పురవ్వలు ఏమైనా ఉన్నాయేమో చూడటం మా పని. కాబట్టి నేను చూసింది కొంత ఎత్తు నుంచే. మంట చప్పుడు ముందు వినిపించింది, పెద్ద వాన దూరం నుంచి వస్తున్నట్టు. తర్వాత పొగలోంచి పక్షులు. వాలు మీద గడ్డి దట్టంగా ఉన్న చోట మంట రెండు మనుషుల ఎత్తు లేచింది.

పెద్దాయన లైన్ దగ్గర నిలబడి ఎదురు నిప్పు పెట్టడానికి కాచుకుని ఉన్నాడు. లైన్ అంచున గడ్డికి నిప్పు పెట్టి, వచ్చే మంటకు ఎదురుగా పంపడం అది. రెండూ కలిసిన చోట కాలడానికి ఏమీ మిగలదు. ముందే పెడితే గాలికి అది మన మీదికే వస్తుంది, ఆలస్యమైతే వేడికి అక్కడ నిలబడలేరు. పెద్ద మంట దగ్గరయ్యేసరికి చుట్టూ ఉన్న గాలిని తన వైపు లాక్కోవడం మొదలుపెడుతుంది. ఆ లాగుడు తెలిసినప్పుడు పెట్టాలి. ఆయన గుప్పెడు బూడిద తీసి వదులుతూ చూస్తున్నాడు. బూడిద మంట వైపుకి పోయిన క్షణాన "పెట్టండ్రా" అని అరిచాడు. రెండు మంటలూ కలిశాయి, ఒక్కసారి భగ్గుమని లేచి, తర్వాత పడిపోయాయి.

మిగతా లైన్ వెంట మంట దానంతటదే ఆగింది. ఇది నేను కళ్లారా చూశాను. అంత ఎత్తున వచ్చిన మంట మట్టి అంచుకి వచ్చి, తినడానికి ఏమీ దొరక్క, చిన్నదై, పొగై, ఆగిపోయింది. ఒక్కచోట మాత్రం దాటింది. అది ఒక చిన్న వాగు పక్క వంపు, రెండోసారి ఊడ్చడానికి ఇంకా చేరుకోని చోటు. అక్కడ ఆకు పేరుకుని ఉంది. ఆ ఆకు మీదుగా బెత్తెడు ఎత్తు మంట మెల్లగా అవతలికి నడిచింది. ఇద్దరు కుర్రాళ్లు కొమ్మలతో అదిమి ఆపేశారు కాబట్టి సరిపోయింది. ఎవరూ చూడకపోతే పైవాలు మొత్తం పోయేది. జనవరిలో అంత శ్రమ పడి తీసిన లైను, మార్చిలో ఆకు ఊడ్చని ఆ కొద్ది జాగాలో లేకుండా పోయింది.

మంట ఆరిన తర్వాత పని ఇంకా రెండు రోజులు ఉంటుందని నాకు తెలియదు. బోలు మానుల లోపల నిప్పు రోజుల తరబడి రగులుతూ ఉంటుంది. పైకి పొగ కూడా సరిగా కనబడదు, అరచేయి దగ్గర పెడితే వేడి తెలుస్తుంది. వాటిని చీల్చి మట్టి కప్పి, దొరికినన్ని నీళ్లు పోసి చల్లార్చాలి. వాలు మీద పడి ఉన్న మొద్దులు కాలి తేలికై దొర్లుతాయి, దొర్లి కిందనున్న కాలని గడ్డిలో పడితే మళ్లీ మొదలు. అందుకని ఒక్కో మొద్దు కింద గాడి తవ్వి అది కదలకుండా చేస్తారు. ఈ పనికి మమ్మల్ని రానిచ్చారు. రాత్రంతా మేలుకున్న మనుషులు మళ్లీ పార పట్టుకుని పొద్దున్నే రావడం చూశాను.

కాలిన వాలు మీద నడిచినప్పుడు ఎత్తు చెట్లు చాలావరకు నిలబడే ఉన్నాయి. బెరడు నల్లబడింది, అంతే. దూరం నుంచి చూసేవాళ్లు "అడవికేం కాలేదులే" అనడానికి అదే కారణం. వంగి నేల చూస్తే తెలుస్తుంది. ఎర్రచందనం మొలకలు ఒక్కటీ లేవు. తాబేటి చిప్పలు రెండు కనిపించాయి. సైకస్ మొక్కల మోడు నల్లగా ఉన్నా మళ్లీ ఆకు తొడుగుతుందని, ఆ మొక్క అటువంటి మంటలకు కొంత అలవాటు పడిందని బీట్ ఆఫీసరు మేడమ్ చెప్పింది. జూన్‌లో వెళ్లి చూశాను, నిజంగానే లేత ఆకులు తొడిగింది. అయితే చుట్టూ మొలిచింది ఎక్కువగా గడ్డే. చిన్న చెట్లు పోయిన ఖాళీలో గడ్డి పెరుగుతుంది, వచ్చే ఏడు ఆ గడ్డి ఎండుతుంది, మళ్లీ మంట. ఒకసారి కాలిన చోటే మళ్లీ మళ్లీ కాలడం అందుకే. అటువంటి చోట పదేళ్లు నిప్పు రాకుండా ఆపగలిగితేనే చెట్టు తిరిగి చెట్టవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆకు పొర కాలిపోయిన వాలు మీద మొదటి వాన నీళ్లు ఇంకవు, మట్టిని కోసుకుని దిగుతాయి. కళ్యాణి డ్యామ్‌కి నీళ్లు వచ్చేది ఈ కొండల్లోంచే. తిరుపతి, తిరుమల తాగే నీళ్లలో ఆ డ్యామ్ నీళ్లూ ఉన్నాయి.

వాచర్లు చాలామంది వేసవికి మాత్రమే పనిలో ఉండేవాళ్లు. వాళ్ల అనుభవానికి కాగితం మీద విలువ లేదు. పెద్దాయనకు బూడిద వదిలి గాలి చూడటం ఎవరూ నేర్పలేదు, ఆయన ఎవరికీ నేర్పకుండా ఇంటికి పోతే అది అక్కడితో పోతుంది. మా బ్యాచ్ తరఫున ఇచ్చిన అర్జీలో ఇదే రాశాం: వేసవి వాచర్లను జనవరి మొదట్లోనే తీసుకోవాలని, వానలు పడేదాకా ఉంచాలని, ఒక్కసారి లైన్ తీయడానికే కాకుండా రెండోసారి, మూడోసారి ఊడ్చడానికి కూడా కూలి లెక్క కట్టాలని, మంచి బూట్లు ఇవ్వాలని. ప్రస్తుతానికి బూట్లు మేమే చందా వేసుకుని కొన్నాం. మిగిలిన వాటికి జవాబు రావాలి. అడుగుతూనే ఉంటాం.

కొండ కింద తోటలున్న రైతులతో కూడా మాట్లాడుతున్నాం. ఆకు కాల్చక తప్పదనుకుంటే ఫిబ్రవరి లోపే, పొద్దున్నే, కంచె పక్కన రెండు మీటర్లు దున్ని, బీట్‌కి ఒక ఫోన్ చేసి కాల్చమని చెబుతున్నాం. ఇంకా మంచిది ఆ ఆకును చెట్ల పాదుల్లోనే కప్పడం, ఎండాకాలం తడి నిలుస్తుంది. ముగ్గురు ఒప్పుకున్నారు.

ఈసారి రావాలనుకునేవాళ్లు డిసెంబరులోనే దగ్గర్లోని రేంజ్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, ఫిట్‌నెస్ కాగితం ముందే తీసుకోండి. మార్చి తర్వాత కూడా రాగలిగితేనే పేరివ్వండి, అప్పుడే మనుషులు తక్కువ పడతారు. నూలు బట్టలు, బొటనవేలు కనబడని బూట్లు, రెండు లీటర్ల నీళ్లు. అగ్గిపెట్టె ఇంట్లోనే వదిలేసి రండి, గేటు దగ్గర ఎలాగూ అడుగుతారు. మా ఆవిడ వాళ్ల చెల్లెలు, ఆమె కాలేజీ స్నేహితురాళ్లు నలుగురు ఈసారి వస్తామన్నారు. వాళ్ల కోసం తేలికైన దంతెలు చేయించడానికి కమ్మరి దగ్గర చెప్పి పెట్టాను.